రెండున్నర వాయిదాకు వైఫై డ్రైవరు

నీలా విడాకుల వాయిదా మధ్యాహ్నం రెండున్నరకు. ఒంటిగంటా పదికి లాప్‌టాప్ తెరిచి చూస్తే వైఫై లేదు. సిగ్నల్ తక్కువగా ఉండడం కాదు, అసలు ఆ గుర్తే లేదు. పొద్దుటిదాకా అక్కడొక బొమ్మ ఉండేదన్న సంగతే తనకు తెలియనట్టు స్క్రీను నున్నగా కూర్చుంది.

కోర్టు మిర్యాలగూడలో. ఇద్దరూ ఆఖరున కాపురం ఉన్నది ఆ ఊళ్ళోనే కాబట్టి కేసు అక్కడ పడింది. ఇప్పుడామె సూర్యాపేటలో కిరాయింట్లో, అతను కోదాడలో తల్లి దగ్గర. కొట్లాట లేని విడాకులు గనక, వకీలు భిక్షం గారు దరఖాస్తు పెట్టి ఇద్దరూ వీడియోలో హాజరయ్యేలా కోర్టును ఒప్పించాడు. "ఫోన్ల వద్దమ్మా, జడ్జిగారికి మొహం సాఫ్‌గ కనబడాలె" అని ముందే చెప్పాడు. వద్దనకపోయినా ఆమె ఫోనుకు ముందువైపు కెమెరా పగిలి ఏడాదయింది.

బస్సెక్కితే గంటన్నర, వాయిదాకు అందదు. నెట్ సెంటరుకు వెళ్ళొచ్చు. కానీ పక్కన ఎవరో ఆధార్ జిరాక్స్ తీయించుకుంటూ ఉండగా మొగుడు వద్దని చెప్పడం ఎంత లేదన్నా బాగుండదు.

భిక్షం గారికి ఫోన్ చేసింది.

"ఇయ్యాల తప్పితే ఎండకాలం సెలవులైనంకనే తల్లీ. జూన్ల ఏ తారీకు పడ్తదో ఆ దేవునికే ఎరుక" అన్నాడాయన.

పన్ను పీకే ముందు సూది వేస్తే బుగ్గ ఎట్లా ఉంటుందో, నీలాకు ఎనిమిది నెలలుగా ఒళ్ళంతా అట్లా ఉంది. గిల్లితే తెలియదు, కాఫీ తాగితే పక్కకు కారుతుంది. ఆ మొద్దుబారిన బుగ్గతో ఇంకో రెండు నెలలు తిరగడం ఆమె వల్ల కాదు. పీకేదేదో ఇవాళే పీకెయ్యాలి.

మరి లాప్‌టాప్ ఎవరు బాగుచేయాలి? అందులో ఉన్నది లినక్స్. లింగస్వామి పెట్టాడు. కోదాడలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పే మనిషి, దొంగ విండోస్ తన గడప తొక్కకూడదని పట్టు పట్టినవాడు. బజారులో రిపేరు షాపతనికి ఫోన్ చేస్తే "లినక్సా మేడం? అది మేం ముట్టం" అన్నాడు, పామేమో అన్నట్టు. ఊళ్ళు మూడున్నా, ఆ పెట్టె మంచీచెడూ తెలిసిన మనిషి ఒక్కడే. ఇంకో గంటలో ఆమెకు ఏమీ కాకుండా పోయే మనిషి.

నీలా ఫోన్ చేసింది. మొదటి రింగుకే ఎత్తాడు.

"వైఫై వస్తలేదు" అంది.

హలో లేదు, ఎట్లున్నావు లేదు. అతను కూడా వాటికోసం ఆగలేదు.

"ఎప్పటినుంచి?"

"పొద్దున అప్‌డేట్ అని అడిగితే ఒత్తిన."

"ఎన్ని ఒత్తావ్?"

"అన్నీ."

అవతల నిట్టూర్పు వినిపించింది. కాపురం చేసిన ఆరేళ్ళూ అప్‌డేట్ల జోలికి పోవద్దని అతను చెబుతూనే ఉన్నాడు. అతను వెళ్ళిపోయాక నీలా చేసిన విప్లవాలు రెండే. ఒకటి అతన్ని 'మీరు' బదులు 'నువ్వు' అనడం. రెండోది ఇది.

"కెర్నల్ మారుంటుంది. పాత డ్రైవరు దానికి అతకదు" అన్నాడు. "కమాండ్లు కొట్టే నల్ల కిటికీ తెరువు. చెప్పినవి చెప్పినట్టు కొట్టు. ఎల్, ఎస్, పి ఫర్ పుస్తకం, సి, ఐ."

"కొట్టిన."

"స్పేస్. అడ్డగీత. కె."

"అడ్డగీతకూ కె కీ నడుమ స్పేసా?"

"వద్దు. అవి రెండూ అతుక్కునే ఉండాలి."

స్క్రీను మీద అక్షరాలు పుట్టలోంచి చీమలు వచ్చినట్టు బిలబిలా వచ్చాయి. కింది నుంచి చదవమన్నాడు. చదివింది. వైఫై కార్డు పేరుంది. దాని కింద ఏ డ్రైవరు వాడుతోందో చెప్పే వరుస మాత్రం లేదు.

"అయితే కార్డు బాగానే ఉంది. దాన్ని పట్టించుకునేవాడే లేడు" అన్నాడు. "నీ ఫోన్‌కి చార్జింగ్ వైరుందిగా? దాన్ని లాప్‌టాప్‌కి గుచ్చి, ఫోన్ సెట్టింగుల్లో యు.ఎస్.బి. టెథరింగ్ నొక్కు. ఫోన్ నెట్టు దానికి పోతుంది. డ్రైవరు దించుకోవాలంటే ముందు నెట్టుండాలి కదా."

గుచ్చింది. నొక్కింది. ఒంటిగంటా నలభై అయిదుకు మూలన చిన్న గుర్తొకటి వెలిగింది.

నీలా దాన్ని చూసింది. నెట్టు వచ్చింది. వాయిదాకు కావలసింది నెట్టే. వైరు అట్లాగే ఉంచి కోర్టు లింకు నొక్కితే సరిపోతుంది. ఆమెది బి.యస్సీ. కంప్యూటర్స్, ఆ మాత్రం తెలుసు. అతనికి ఇంకా బాగా తెలిసుండాలి.

"వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది."

"ఇప్పుడు సుడో అని కొట్టు" అని, డ్రైవరు తాలూకు పొడుగాటి పేరు ఒక్కో అక్షరం చెప్పడం మొదలుపెట్టాడు.

ఆమె ఏమీ అనకుండా కొట్టింది. పాస్‌వర్డ్ అడిగింది.

"పాస్‌వర్డేంది?"

అవతల కుర్చీ కిర్రుమంది.

"నిన్నే. పాస్‌వర్డ్ అడుగుతున్నది."

"ఐలమ్మ" అన్నాడు మెల్లగా. "అన్నీ చిన్నక్షరాలు."

ఐలమ్మ అతని తల్లి. నీలా వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"నీ అవ్వ పేరా? ఆరేండ్లు వంటింట్ల ఉన్నది, పడకింటి తలుపు కాడున్నది, దీంట్ల గూడ ఉన్నదా?"

"అప్పుడు ఏదో ఒకటి తోచింది పెట్టాలె."

"నీకు తోచింది గదే."

నవ్వు రావలసిన చోటు. ఇద్దరికీ రాలేదు. నీలా అత్తగారి పేరు కొట్టింది. చుక్కలు కూడా పడలేదు, ఏ గుర్తూ లేకుండా లోపలికి పోయింది. డ్రైవరు దిగడం మొదలైంది. పన్నెండు శాతం. పదిహేడు.

మేడ మీదినుంచి ఇంటి ఓనరు కమల దిగి, తలుపు దగ్గర నిలబడింది. చేతిలో గిన్నె.

"పుంటికూర పప్పు తెచ్చిన. ఎవరితోని మాట్లాడుతున్నవే?"

"లింగస్వామితో అక్కా. వైఫై చేపిస్తున్న."

"ఇయ్యాల ఇడుపు కాయితమంటివి?"

"దానికే అక్కా."

కమల గిన్నె స్టవ్వు పక్కన పెట్టి, నీలా మొహం చూసింది. "ఏం లోకమో, ఆగమాగం. జర తిని కూర్సో, కళ్ళు తిరిగిపడేవు జడ్జి ముందట" అని మెట్లెక్కిపోయింది.

అరవై శాతం దగ్గర స్క్రీను రంగు మారి ఏదో అడిగింది. నీలా చదివి వినిపించింది.

"అది కొత్త పాస్‌వర్డ్ అడుగుతుంది" అన్నాడు లింగస్వామి. "ఈ డ్రైవరు మనదేనని మిషను నమ్మడానికి. ఒక్కసారే పనికొస్తుంది. ఎనిమిదక్షరాలకు తక్కువ ఒప్పుకోదు. మా అమ్మ పేరు ఏడే. నువ్వే ఏదైనా పెట్టుకో."

నీలా పెట్టింది. రెండోసారీ అదే కొట్టింది.

"ఏం పెట్టావ్?"

"నీకెందుకు?"

"నాకెందుకులే" అన్నాడు. కోపం లేదు, నిజంగానే ఒప్పుకున్నట్టు.

నూరు శాతం. టైము రెండూ అయిదు.

"ఇప్పుడు రీస్టార్ట్ చెయ్యి. నీలిరంగు స్క్రీను వస్తుంది. పది సెకన్లే ఉంటుంది. ఏ బటనైనా నొక్కాలి, లేకపోతే దాటిపోతుంది. జాగ్రత్త, భయపడకు. అది బెదిరించినట్టే ఉంటుంది కానీ..."

అతను చెబుతుండగానే అది వచ్చింది, లెక్కపెట్టుకుంది, పోయింది. నీలా వింటూ కూర్చుంది.

"పోయింది" అంది.

"పోయిందా?"

"నువ్వు చెప్పుడు అయిపోలే."

మళ్ళీ నల్ల కిటికీ, మళ్ళీ ఐలమ్మ, మళ్ళీ కొత్త పాస్‌వర్డు. రెండూ పన్నెండు. అప్పుడు నీలా అడిగింది, గొంతులో ఏ ఎత్తూపల్లం లేకుండా.

"వైరు గుచ్చంగనే నెట్టు వచ్చింది. వాయిదాకు అదే సాలు. నీకెరుకే. ఇగ ఈ డ్రైవరెందుకు?"

అవతల కోదాడలో ఏదో లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. అది వెళ్ళిపోయేదాకా అతను ఆగాడు.

"రేపటినుంచి నాకు ఫోన్ చెయ్యవు గదా" అన్నాడు. "సూర్యాపేటలో దాన్ని ఎవడూ ముట్టడు. బాగుచేసే ఇద్దామని."

నీలాకు ఏదో అనిపించాలి. అనిపిస్తుందేమోనని ఒక్క క్షణం చూసింది కూడా. బుగ్గ ఇంకా మొద్దుబారే ఉంది.

"రీస్టార్ట్ చేస్తున్న. ఈసారి ఏం మాట్లాడకు" అంది.

అతను మాట్లాడలేదు. నీలి స్క్రీను వచ్చింది. నొక్కింది. రెండో వరుస ఎంచింది, అవునంది, తన ఎనిమిదక్షరాలు కొట్టింది. పెట్టె ఆరి వెలిగింది. మూలన వైఫై బొమ్మ వచ్చి, కమల వాళ్ళింటి రూటరు పేరు పక్కన టిక్కు పడింది. వైరు పీకింది. సిగ్నల్ నిలబడింది.

"వచ్చింది" అంది.

"సరే. టైమయింది. అక్కడ కలుద్దాం" అన్నాడు. తానన్నదేమిటో అప్పుడు వినపడినట్టు చటుక్కున పెట్టేశాడు.

కోర్టు లింకులో పద్దెనిమిది డబ్బాలు. ఒకదాంట్లో జడ్జిగారు, ఒకదాంట్లో భిక్షం గారి కళ్ళద్దాలు, ఒకదాంట్లో ఎవరిదో తిరుగుతున్న ఫ్యాను. కింది వరుసలో లింగస్వామి. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నీలా పొద్దున్నుంచీ ఉన్న చీరలోనే ఉంది.

కేసు నంబరు పిలిచారు. జడ్జిగారు కాగితాలు తిప్పి, ఆర్నెల్ల గడువు దాటిందని చూసుకుని, ముందు అతన్ని అడిగారు. ఎవరి బలవంతమూ లేదా అని. లేదండి అన్నాడు. మనసు మారలేదా అని. లేదండి అన్నాడు, కాస్త ఆగి.

"అమ్మా, మీరు చెప్పండి."

నీలా చెప్పింది. జడ్జిగారు ఎదురుచూస్తూనే ఉన్నారు.

"అమ్మా, మీకు ఇష్టమేనా?"

మళ్ళీ చెప్పింది, కొంచెం గట్టిగా. భిక్షం గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. పద్దెనిమిది డబ్బాలూ ఆమెనే చూస్తున్నాయి. ఆమె జవాబు చెప్పలేకపోతోందనుకుని జడ్జిగారు కలం కింద పెట్టారు.

"ఆలోచించుకోవడానికి ఇంకో తేదీ కావాలా అమ్మా?"

"నీలా" అంది కింది వరుసలోని డబ్బా. "మ్యూట్‌లో ఉన్నావు. కింద, ఎడమ పక్కన. ఎర్రగీత ఉన్న మైకు."

జడ్జిగారు అతనివైపు చూశారు. ఇంకో రెండు నెలలు ఊరికే దొరికేవి అతనికి, నోరు మూసుకుని కూర్చుంటే. అతను చొక్కా కాలరు సర్దుకున్నాడు.

నీలా ఎర్రగీత తీసింది. "ఇష్టమేనండి" అంది. తన గొంతు కోర్టు గదిలో తిరిగి తనకే వినిపించింది, ఎవరో పక్కింటావిడ చెప్పినట్టు.

మంజూరు అన్నారు. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. వెంటనే పాలకీడు వాళ్ళ పొలం గెట్టు తగాదా పిలిచారు. ఎవరో ముసలాయన గట్టు రెండు మూరలు జరిపారని మొదలుపెట్టాడు. నీలా వింటూ ఉండిపోయింది. లింగస్వామి డబ్బా కూడా అక్కడే ఉంది. ముందు ఎవరు లేవాలో ఇద్దరికీ తెలిసినట్టు లేదు.

"అయిపోయినవాళ్ళు లైన్ల నుంచి బయటికి పోవాలె" అని కోర్టు మనిషి అరిచాడు.

కింది వరుసలో అతని డబ్బా మాయమైంది. పక్కనున్నవి జరిగి, ఆ ఖాళీలో సర్దుకున్నాయి.