పది రూపాయల ఆట

మా చర్చి పక్కన రేకుల షెడ్డులో ఆదివారం ప్రార్థన అయ్యాక కార్డులాట జరిగేది. పేకాట కాదు సుమా. ఈ కార్డుల మీద రెక్కల జంతువులు, కత్తులు పట్టిన మనుషులు ఉంటారు. ఎవరి కట్ట వాళ్లు కూర్చుకుని, ఎదుటివాళ్ల మీదికి తమ జంతువులను తోలతారు. వాటిలో తళతళలాడేవి కొన్ని వేలు పలుకుతాయట. మా వాళ్లకు అంత ఎక్కడిది? అందుకని నా మనవరాలు లిల్లీ ఒక కట్టుబాటు పెట్టింది: పది రూపాయలు మించి పెట్టి కొన్న కార్డు ఇక్కడ ఆడకూడదు. దాంతో చేపలు పట్టే శివ, బట్టలు కుట్టే సామ్రాజ్యం, అందరూ సమానమయ్యారు. నేను శనగలు ఉడకబెట్టి తెచ్చి, ఓ మూల కూర్చుని చూసేదాన్ని. నాకు ఆట తెలియదు, మొహాలు తెలుసు.

ఆ ఆదివారం బెన్హర్ వచ్చాడు. చిల్లకూరు దగ్గర హైవే మీద సెల్‌ఫోన్ల కొట్టు అతనిది. నల్లటి పక్షి బొమ్మ ఉన్న కార్డు ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. అది చేప పొలుసులా మెరిసింది.

"అది ఈడ ఆడేదానికి లేదన్నా," అంది లిల్లీ.

"నేను కొన్లేదమ్మా. మద్రాసులో గెలిచినా. కొన్నది గదా మీరు వద్దనింది?"

లిల్లీ మిగతావాళ్ల వైపు చూసింది. మా వాళ్లు అనుకున్న మాటకు అటూ ఇటూ జరగని రకం. "ఆయన చెప్పింది నిజమే," అని సామ్రాజ్యమే ముందు ఒప్పుకుంది.

ఆ పక్షి ఒక్కొక్కరినీ మింగుతూ వచ్చింది. చివరికి శివ మిగిలాడు.

"నన్ను గెలిస్తే పక్షి నీదే అబయా. నువ్వూ కొన్నట్టు గాదు. మరి నువ్వేం పెడతావు?" అన్నాడు బెన్హర్.

అంతవరకూ ఆ షెడ్డులో ఎవరూ ఏదీ పందెం పెట్టి ఎరగరు.

"నా బోటు మోటారు," అన్నాడు శివ.

వాకిట్లో నిలబడ్డ అతని భార్య వనజాక్షి చంకలో బిడ్డను సర్దుకుంది. "మోటారు పోతే వేటకి దేంతో పోతావయ్యా? ఈదుకుంటా పోతావా?"

"ఊరుకో మే. ఓడితే గదా."

"లెయ్యి నాయనా, శనగలు తినేసి ఇంటికి పో," అన్నాను నేను.

"ఒక్క ఆటే అవ్వా."

ఆ మాట మా చిన్నాన్న నోట విన్నాను, చెరువు కింద మడి పేకలో పోయిన నాడు. కళ్లు మూసుకుని, శివను గెలిపించమని ప్రభువును అడిగాను. దేవుడు విన్నాడు. శివ గెలిచాడు.

షెడ్డంతా ఈలలు. వనజాక్షి గడప మీద కూలబడి ఊపిరి పీల్చుకుంది. బెన్హర్ మాత్రం ఓడినవాడిలా లేడు. నా గిన్నెలోంచి గుప్పెడు శనగలు తీసుకుని, ఒక్కొక్కటే నములుతూ, "ఇట్టాంటివి నాకాడ ఇంకా ఉండాయి," అన్నాడు.

"గెలిచినవి కూడా వద్దని పెడదాం. చేతులెత్తండి," అంది లిల్లీ గబగబా.

ఒక్క చెయ్యీ లేవలేదు. అందరి చూపూ శివ చేతిలోని పక్షి మీదే ఉంది.

"నా కుట్టు మిషను పెడితే ఇంకోటి తెస్తావా అన్నా?" సామ్రాజ్యం మెల్లగా అడిగింది.

శివ తన భార్య వైపు చూడలేదు. కార్డును బొటనవేలితో రుద్దుతూ, "ముందు నాతో ఆడు," అన్నాడు బెన్హర్‌తో. "వచ్చే ఆదివారం బోటే పెడతా."