అడిగితే చెప్తాం

తోలును నీళ్లలో నానబెట్టకూడదని విమలకు నేర్పింది ఒక ప్లాస్టిక్ బకెట్టు. అది పదకొండేళ్ల కిందటి మాట. ఆ ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి వచ్చి చీరైనా మార్చకుండా ముందుగదిలో కూర్చుని, పొడి గుడ్డతో భర్త నడుముకు కట్టుకునే ఆప్రాన్‌ను తుడుస్తుంటే ఆ బకెట్టే గుర్తొచ్చి నవ్వుకుంది.

మూరెడు కూడా ఉండదు ఆ గుడ్డ. తెల్లటి గొర్రెతోలు, చుట్టూ లేతనీలం అంచు. సుధీర్ ఫ్రీమేసన్లలో చేరిన ఏడాది వానకాలంలో అది బూజు పట్టింది. మూతి కట్టిన సంచి తెచ్చి ఆమె చేతిలో పెట్టి, "ఇండ్ల ఏమున్నదో చూడకు. జర తెల్లగ చేసియ్యి" అన్నాడు. విమల మాట దాటే మనిషి కాదు. మొహం అటు తిప్పుకుని సంచి మూతి విప్పి, సర్ఫు నీళ్లున్న బకెట్లో బోర్లించింది. సాయంత్రానికి అది అప్పడంలా ముడుచుకుపోయింది.

"తోలని చెప్పద్దా?" అందామె.

"చెప్పొద్దు. బయటోళ్లకు చూపెట్టొద్దు."

"బయటోళ్లతోని ఉతికియ్యొచ్చా మరి?"

సుధీర్ పోయి కొత్తది తెచ్చుకున్నాడు. అప్పటినుంచి చూడటానికి అనుమతి దొరికింది. తుడిచే పని కూడా దాంతోపాటే వచ్చింది.

హనుమకొండలో మందుల హోల్‌సేల్ దుకాణం సుధీర్‌ది. నెలకొక శనివారం నల్లకోటు వేసుకుని, చిన్న పెట్టె పట్టుకుని లాడ్జికి పోతానని మొదటిసారి అన్నప్పుడు అత్తమ్మ గుండె బాదుకుంది. "ఇల్లుండంగ, పెండ్లాముండంగ లాడ్జేందిరా నీకు!" అది రూములు అద్దెకిచ్చే లాడ్జి కాదనీ, దేవుణ్ణి నమ్మే మగవాళ్ల సంఘమనీ, కంటి ఆపరేషన్లు చేయిస్తారనీ, ఒకరినొకరు బ్రదరనుకుంటారనీ చెప్పి, మిగతాది చెప్పకూడదన్నాడు. మిగతాది వాడకట్టు వాళ్లు చెప్పారు. దాని పేరు దయ్యాల బంగ్లా అన్నారు. మేకను కోస్తారన్నారు. పాస్టరు గారు ఒక ఆదివారం పేరెత్తకుండా హెచ్చరించారు. అత్తమ్మ బతికున్నన్నాళ్లూ ఒకే మాట: "మగోళ్ల ముచ్చట్లు మనకెందుకు బిడ్డా."

ఈ పుకార్లకు విసుగొచ్చే, ఇవాళ మొట్టమొదటిసారి లాడ్జి తలుపులు ఊరందరికీ తెరుస్తున్నారు. గేటు మీద పెద్ద బ్యానర్: మా దగ్గర దాపరికం లేదు, అడిగితే చెప్తాం. వచ్చే నెల సుధీర్ ఏడాదిపాటు ఆ లాడ్జికి మాస్టర్, అంటే పెద్ద, అవుతున్నాడు. అందుకని ఆప్రాన్ అర్థమేమిటో చెప్పే పని అతనిది. ఎనభై మందికి సర్వపిండి రొట్టెలు చేసే పని విమలది. తెల్లవారుజాము నుంచి చర్చికి పోయేదాకా రెండు గిన్నెలు మార్చిమార్చి వత్తింది. ఈ పని ఆమెదని ఎవరు చెప్పారో ఎవరికీ గుర్తులేదు.

ఇంకో సంగతి ఆమె చేతిసంచిలో మడతపెట్టి ఉంది. నిన్న చేతికొచ్చిన ఉత్తర్వు. ఇరవై రెండేళ్లు హసన్‌పర్తి హైస్కూల్లో తెలుగు చెప్పిన విమలకు హెడ్‌మిస్ట్రెస్‌గా ప్రమోషన్, ఏటూరునాగారం వైపు ఒక బడికి. పదిహేను రోజుల్లో చేరాలి. మొన్నటిసారి ప్రమోషన్ వచ్చినప్పుడు కూతురు సుప్రియ ఇంటర్ అని వద్దని రాసిచ్చింది. ఈసారి పేరు లిస్టులో ఉందని తెలిసిన రోజే సుధీర్ అన్నాడు: "వద్దని రాసియ్యి. మాస్టరున్న ఏడాదంత ఇంటికి వచ్చేటోళ్లు పోయేటోళ్లు ఉంటరు. నువ్వు లేకుంటే ఎట్ల?" ఆమె పప్పు ఎనుపుతూ ఊరుకుంది. ఊరుకోవడాన్ని అతను ఒప్పుకోవడం కింద తీసుకున్నాడు. ఆ ఇంట్లో ఆమె మౌనానికి అదొక్కటే అర్థం ఇన్నేళ్లూ. మూడు నెలలైంది. రాసిచ్చావా అని అతను అడగలేదు. ఆమె రాసివ్వలేదు.

దాచిందా తను? ఆప్రాన్ అంచు మీద గుడ్డ జరుపుతూ విమల తనను తానే నిలదీసుకుంది. దాచడమంటే ఎవరైనా వెతకాలి కదా. ఈ మనిషి పదకొండేళ్లుగా వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని లాడ్జి పాఠం బట్టీ పట్టాడు, చాయ్ అక్కడే అందుతుంది గనక. పొడి అక్షరాలతో రాసిన చిన్న ఇంగ్లిషు పుస్తకం, మాటకు మొదటి అక్షరమే ఉంటుంది. అతను తడుముకునేవాడు, మళ్లీ మొదలెట్టేవాడు. బడిలో పిల్ల పద్యం మధ్యలో ఆగితే తరువాతి మాట నాలుక చివరికి వచ్చే అలవాటు విమలది. రెండేళ్లు తిరగకముందే ఆ పుస్తకంలో ఆమెకు రాని ముక్క లేదు. నిజం మాట్లాడు, విధవరాలికి ఆసరా ఉండు, నడత తిన్నగా ఉంచుకో, అంతే. ఇంత మంచి మాటలకు ఇంత గొళ్లెం ఎందుకో ఆమెకు అంతుపట్టలేదు. ఆమెను నవ్వించింది ఆ ఆప్రాన్ పాఠం. అది పనిచేసేవాడి గుడ్డట. కష్టపడే చేతికి రాజు కిరీటం కన్నా అదే గొప్పదట. ఇంట్లో ఒక్కనాడు పొయ్యి వెలిగించని మనిషి, నెలకోసారి నడుముకు పనిగుడ్డ కట్టుకుని పని గొప్పతనం వల్లిస్తుంటే, ఈమె పసుపు మరకల కొంగుతో వింటూ రొట్టె తిప్పేది. నీకు వచ్చా అని అతను ఏనాడూ అడగలేదు. గోడలకు వచ్చా అని ఎవరడుగుతారు?

నాలుగింటికి హాలు నిండింది. నేలంతా నలుపు తెలుపు గడులు. బల్ల మీద బైబిలు, గీత, ఖురాన్ పక్కపక్కన తెరిచి ఉన్నాయి. విమల ఇంట్లో గిన్నెలు కడిగే బక్కమ్మ కూడా వచ్చి, వంగి బల్ల కింద చూసింది.

"ఏం దేవులాడుతానవ్ అవ్వా?" అన్నాడు సెక్రటరీ రాజేశ్వర్ రావు. రిటైరైన లెక్చరర్, నవ్వుమొహం.

"మేకను సారూ."

"అది పొద్దుగాలనే పారిపోయింది, నువ్వొస్తానవని తెల్సి."

హాలంతా నవ్వింది. ఆ నవ్వులోంచి ఒక అమ్మాయి లేచింది. కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్ల బిడ్డ శ్రావణి, డిగ్రీ చదువుతోంది. "సార్, దాపరికం లేదంటాండ్రు గద. ఆడోళ్లనెందుకు చేర్చుకోరు? పోనీ, మీ ఇండ్లల్ల ఆడోళ్లకన్న చెప్తరా?"

సుధీర్ ముందుకొచ్చాడు, ఆప్రాన్ తెల్లగా మెరుస్తోంది. "మా మిసెస్ గక్కడనే ఉన్నది. ఆమెకు గివేం తెల్వయి, తెల్సుకోవాలన్న ఫికర్ లేదు. గదీ నమ్మకమంటే. నా మాస్టర్ సంవత్సరం కోసమని హెడ్‌మిస్ట్రెస్ ప్రమోషనే వద్దని రాసిచ్చింది!"

చప్పట్లు కొట్టారు. వెనుక బల్ల దగ్గర సర్వపిండి ముక్కలు చేస్తున్న విమల చేయి ఆగింది. చేతిసంచి భుజానికే ఉంది.

సుధీర్ ఆప్రాన్ పాఠం మొదలెట్టాడు. పుస్తకంలో బయటివాళ్లకు చెప్పదగిన భాగం అదొక్కటే. తెలుగులో బాగానే అందుకున్నాడు. "ఈ గుడ్డ పనివాడిది. రాజుల కిరీటం కంటే పాతది. దీన్ని కట్టుకున్నవాడు..." ఆగాడు. "దీన్ని కట్టుకున్నవాడు..." పైకప్పు వైపు చూశాడు.

"తన చెయ్యి చేయగల పనిని" అంది విమల. పిల్లకు మాట అందించినట్టు, అంతే గొంతుతో.

"తన చెయ్యి చేయగల పనిని..." మళ్లీ ఆగాడు. ఈసారి అతను వెనక్కే చూశాడు.

"ఇంకొకరి చేతిమీద పెట్టడు. పెట్టినవాడికి ఈ గుడ్డ కట్టుకునే అర్హత లేదు" అని పూర్తి చేసింది.

రాజేశ్వర్ రావు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, గిదొక్కటే వచ్చా మీకు?"

"దీని ముందుది వచ్చు, ఎనుకది గూడ వచ్చు. ఫికర్ చేయకుండ్రి, ఎవ్వలకు చెప్పలే. పదకొండేండ్ల సంది మా వంటింట్ల చదువుతాండ్రు సార్. మీ దర్వాజకు కాపలా ఉన్నది. మా వంటింటికి లేదు."

ముందు నవ్వింది బక్కమ్మ. శ్రావణి కూర్చోలేదు. "అయితే మేడం, మీరే చెప్పుండ్రి. గిది రహస్యమా, కాదా?"

విమల చేతులు తుడుచుకుంది. "దాచిపెట్టేటంత ఏం లేదు బిడ్డా. మంచి మాటలే. దయ్యాల్లేవు, మేకల్లేవు. తలుపేసుకునేది మాటలు దాచనీకి కాదు, మనం బయటున్నమని వాళ్లకు యాదుండనీకి."

రాజేశ్వర్ రావు తల ఊపి కూర్చున్నాడు. సర్వపిండి ఎవరూ వడ్డించలేదు. విమల కుర్చీ లాక్కుని ముందు వరసలో కూర్చుంది. కాసేపటికి బ్రదర్లే లేచి, నడుములకు ఆప్రాన్లతోనే, ప్లేట్లు పట్టుకుని తిరిగారు. ఆ గుడ్డలు పనిలోకి దిగడం ఆమె చూడటం అదే మొదలు. పాడేం కాలేదు, బాగానే నప్పాయి.

ఎండ వాలాక గేటు బయట, కారు దగ్గర ఆమె చేతిసంచి తెరిచి ఉత్తర్వు అతనికిచ్చింది. సుధీర్ నిలబడే రెండుసార్లు చదివాడు.

"మూడు నెలల సంది నా దగ్గర దాచినవా విమలా?"

అతని తల మీదుగా బ్యానర్ గాలికి కొట్టుకుంటోంది.

"దాచలే. అడిగితే చెప్తుంటి. వచ్చే సోమవారం పోయి చేరుత."

అతను అలవాటు కొద్దీ ఆప్రాన్ విప్పి ఆమె చేతికిచ్చాడు. తెల్లతోలు మీద వేలెడు నూనె మరక, సర్వపిండిది. విమల ఆ గుడ్డను ఒకసారి పరికించి, నాలుగు మడతలు పెట్టి, తిరిగి అతని చేతిలోనే పెట్టింది.

"గది తోలు. నీళ్లల్ల పెట్టకుండ్రి."