ఖాళీ వీధిలో కుళాయిలు

పాత ప్రెసిడెంటుకి ఊళ్లో ‘చూద్దాంగారు’ అని పేరు. ఎవరేం అడిగినా భుజం తట్టి "చూద్దాం" అనేవాడు. చివరి వీధికి నీళ్లొచ్చే పైపు పగిలినప్పుడూ అదే మాట. ఆ తర్వాత ఆ వీధి మొహం చూస్తే ఒట్టు.

టైలరమ్మ ఇల్లు ఆ వీధిలోనే. భర్త పోయాక కుట్టుమిషనే ఆమెకు ఆసరా. ఎదురింట్లో తోడికోడలి సంసారం. మొదట్లో ఇద్దరూ బిందెలు తీసుకుని రోడ్డవతలి బోరింగు దగ్గరికి నవ్వుకుంటూ వెళ్లి, ఒగరుస్తూ వచ్చేవాళ్లు. రానురాను ఆ నవ్వు పోయి ఒగర్పే మిగిలింది. పిల్లలకు బడి ఆలస్యం, పెరట్లో ఎండిన పాదులు, ఇంట్లో మాసిన బట్టల గుట్ట. ముందు పాలాయన గేదెల్ని తోలుకుని పక్క ఊరికి పోయాడు. ఆ వెనకే తాపీమేస్త్రీ. ఆఖరికి తోడికోడలూ మూటలు సర్దింది.

"నువ్వూ రా అక్కా. ఒక్కదానివీ ఇక్కడేం చేస్తావ్?"

"ఆ అద్దె గదిలో మీకే కాళ్లు చాపుకునే చోటు లేదు, నా మిషనెక్కడ పెడతావే? వెళ్లు, బస్సు పోతుంది."

ఆ తర్వాత వీధిలో మిషను చప్పుడొక్కటే. జాకెట్టు కోసం ఎవరైనా వస్తే, అన్నీ కుట్టేసి ఉన్నా "కూర్చో, హుక్కులు కుట్టాలి" అనేది టైలరమ్మ. కుట్టిన హుక్కే విప్పి మళ్లీ కుడుతూ, వాళ్లింటి కబుర్లన్నీ అడిగేది.

ఈసారి ఎన్నికల్లో చూద్దాంగారు ఓడిపోయాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైనావిడ గెలిచింది. గెలిచిన వారంలోనే నడుచుకుంటూ ఈ వీధికి వచ్చింది.

"ఒక్క ఇంటికి పైపెందుకండీ అన్నారమ్మా ఆఫీసులో," అంది గుమ్మంలో నిలబడి. "ఒక్క ఇల్లయితే ఇల్లు కాదా అన్నాను."

అనడమే కాదు, గొయ్యి తవ్వినన్నాళ్లూ ఎండలో పక్కనే నిలబడి చేయించింది.

ఒక పొద్దున టైలరమ్మ ఇంటి కుళాయి దగ్గి, ఎర్రటి నీళ్లు కక్కి, తర్వాత తేటగా పారింది. ఆమె కుళాయి కింద బిందె పెట్టి తోడికోడలికి ఫోన్ చేసింది.

"నీళ్లొచ్చాయే! వచ్చేయండి!"

"పిల్లలు ఇక్కడి బడికి అలవాటు పడ్డారక్కా. మీ మరిదికీ ఇక్కడే పని కుదిరింది. సెలవులకొస్తాంలే."

"అవును మరి. పిల్లల చదువు ముఖ్యం," అంది టైలరమ్మ.

ఫోన్ పెట్టేశాక వినిపించింది, వీధంతా నీళ్ల చప్పుడు. ఎండిపోయిన కుళాయిల్ని కట్టకుండానే వెళ్లిపోయారు అందరూ. ఇప్పుడు ఖాళీ ఇళ్లన్నిట్లో నీళ్లు పారుతున్నాయి.

పాలాయన పెరట్లోకి వెళ్లి కట్టేసింది. మేస్త్రీ ఇంటి వెనక కట్టేసింది. తోడికోడలింట్లో తొట్టి నిండి పొర్లుతోంది. కుళాయి మీద చెయ్యి వేసింది గానీ తిప్పలేదు. మెట్టు మీద కూర్చుంది. లోపలెవరో గిన్నెలు కడుగుతున్నట్టే ఉంది ఆ చప్పుడు.

కాసేపు విని, లేచి, కట్టేసింది.