చేతివాటం ఏ అరలో

సరుకు మంచిదైతే చాలదు, అది ఏ అరలో ఉందో కూడా చూసుకోవాలి. మా దుకాణంలో బొమ్మల కథల పుస్తకాలకు మూడు అరలున్నాయి. ఎడమ పక్క సూపర్ హీరోలు, మధ్యలో డిటెక్టివ్‌లు, కుడి పక్క తలుపు వెనక ‘ఇతరములు’. మొదటి అరలో పెట్టింది నెల తిరక్కుండా ఖాళీ అవుతుంది. రెండో అర ఏడాదికోసారి కదులుతుంది. మూడో అరలో పెట్టిన పుస్తకాన్ని మళ్లీ పలకరించేది నేనూ, చెదపురుగులూ.

నా మేనకోడలు గీసిన పుస్తకం ఎక్కడ పెట్టాలన్నదే ఆ వారమంతా మా ఇద్దరి తగువు.

ఆ పిల్ల ఎనిమిదేళ్లుగా పార్సిల్ ఆఫీసులో తూకం వేస్తుంది. సాయంత్రాలు ఇంటికొచ్చి బొమ్మలు గీస్తుంది. మూడేళ్లు గీసి ఒక పుస్తకం చేసింది. అందులో నాయిక కూడా పార్సిల్ ఆఫీసు మనిషే. పొట్లం చేతికి తీసుకుంటే చాలు, లోపల ఉండాల్సింది ఉందో లేదో బరువును బట్టి చెప్పేస్తుంది. మందుల డబ్బాల్లో సుద్ద ముక్కలు నింపి పంపేవాళ్లను అలాగే పట్టిస్తుంది. ఆమె పేరు ‘చేతివాటం’.

ఆఫీసులో మేనకోడల్ని సూపర్‌వైజర్ని చేస్తామన్నారు. పని సాయంత్రం షిఫ్టు. ఒప్పుకుంటే బొమ్మలకు నీళ్లొదులుకోవాలి. శుక్రవారం సాయంత్రంలోగా జవాబు చెప్పాలి. శుక్రవారం ఉదయమే అరవై స్కూళ్ల లైబ్రరీలకు పుస్తకాలు కొనే మేడమ్ మా దుకాణానికి వస్తుంది. ఆవిడ సూపర్ హీరోల జాబితాలో పుస్తకం ఎక్కితే గీస్తూ ఉంటాననీ, లేకపోతే షిఫ్టుకు సరేనంటాననీ మేనకోడలు తేల్చేసింది.

అందుకే నా వంతు ప్రయత్నం నేను చేశాను.

“ఒక ముసుగు వెయ్యి తల్లీ. పోయేదేముంది?”

“ముసుగేసుకుని ఆఫీసులో కూర్చుంటే ముందు ఆవిణ్ణే పట్టుకుపోతారు మామయ్యా.”

“పోనీ, వీపు వెనక ఎగిరే ఆ గుడ్డ?”

“కాటాలో పడి తూకం పెరుగుతుంది.”

“పేరైనా మార్చు. గల్లాపెట్టె దగ్గర మనిషికి చేతివాటం ఉందంటే ఏమిటో నీకు తెలీదా? దొంగబుద్ధి అని.”

“చేతికి అలవాటైన నేర్పు అని కూడా ఉంది. ఆ మంచి అర్థాన్ని దొంగలు ఎత్తుకుపోయారు. నేను వెనక్కి తెస్తున్నా.”

మాటకు మాట చెప్పేవాళ్లతో బేరం కుదరదు.

శుక్రవారం పదింటికి మేడమ్ వచ్చింది. అరల్లో ఎంత చోటుందో కొలవడానికి సంచిలో ఎప్పుడూ ఒక చెక్క స్కేలు పెట్టుకు తిరుగుతుంది కాబట్టి, వెనకాల మేమంతా ఆవిణ్ణి కొలబద్ద మేడమ్ అంటాం. ఆవిడ కొత్త పుస్తకాలు పేరు చూసి కొంటుంది, పాతవి కిలోల లెక్కన కట్టలుగా తీసుకుంటుంది. నెలనెలా వచ్చే మనిషి. మా కట్టను ఇంతవరకూ విప్పి చూడలేదు. వ్యాపారంలో నాకున్న ఆస్తి ఆ నమ్మకమే.

మేనకోడలు ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చి, కౌంటరు పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. మేడమ్ నిలబడే రెండు కథలు చదివి, పుస్తకం మూసింది.

“బొమ్మలు బాగున్నాయి. కానీ ఇది డిటెక్టివ్ అరలోది.”

“ఆవిడకి శక్తి ఉంది కదండీ,” అంది మేనకోడలు.

“అది శక్తి కాదమ్మా, అనుభవం. ఏళ్ల తరబడి తూకం వేస్తే ఎవరికైనా వస్తుంది.”

“మా ఆఫీసులో పదకొండు మంది ఉన్నారు. ఎవరికీ రాలేదు.”

“సరే, అది వదిలేద్దాం. వేషం ఏది?”

“ఏప్రన్ ఉంది.”

“ఏప్రన్ మా వంటామెకీ ఉంది. నీ నాయిక జీతం తీసుకుంటుందా?”

“నెలనెలా.”

“అయితే అది ఉద్యోగం.” మేడమ్ గొంతులో వెటకారం లేదు. “చూడమ్మా, పిల్లలు ఆ అర దగ్గరికి వచ్చేది తమ చుట్టుపక్కల ఎవరికీ చేతకానిది చూద్దామని. పార్సిల్ ఆఫీసు వాళ్లకు రోజూ కనిపిస్తుంది. ఒకసారి నిరాశపడితే రెండోసారి ఆ అర ముట్టుకోరు.”

ఆవిడ స్థానంలో నేనున్నా అదే మాట అనేవాణ్ణి.

మేనకోడలు పుస్తకాన్ని సంచిలో పెట్టుకుంది. “సాయంత్రం ఆఫీసుకి సరే అని చెప్పేస్తా మామయ్యా,” అంది, కూరకు ఉప్పు సరిపోయిందన్నంత మామూలుగా. ఊరికే నిలబడటం తెలియని పిల్ల. నేను అప్పుడే తూచి పక్కన పెట్టిన పాత పుస్తకాల కట్టను మేడమ్ బండిలో పెడదామని చేతుల్లోకి తీసుకుంది.

రెండడుగులు వేసి ఆగిపోయింది. కట్టను ఒకసారి కిందికీ పైకీ ఊపింది.

ఆ చూపు నాకు తెలుసు. పుస్తకంలో నాయిక ముఖం మీద గీసింది అదే. నా వైపు చూసింది, మేడమ్ వైపు చూసింది. ఏమీ అనకుండా వెళ్లి బండిలో పెట్టేస్తే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు.

కట్టను తెచ్చి కౌంటరు మీద పెట్టింది.

“ఇది పది కిలోలు లేదు మామయ్యా. తొమ్మిదీ ముప్పావు.”

“కాటా పది చూపించిందే,” అన్నాను.

“కాటా చూపించింది. చేతికి మాత్రం రావడం లేదు.”

మేడమ్ స్కేలును సంచిలోంచి తీసి, ఎందుకో మళ్లీ లోపల పెట్టింది. నేను కట్టను కాటా మీద పెట్టాను. తొమ్మిదీ ఏడువందల యాభై. నలభై ఏళ్లలో తూకంలో ఒక్క గ్రాము తిన్నవాణ్ణి కాను. మరి పావుకిలో ఎక్కడికి పోయింది?

కట్ట తూచాక నేను కౌంటరు కిందికి తోసిన చెక్క పలకను మేనకోడలు తీసి చేతిలో ఊపి చూసింది. “పావుకిలో,” అంది.

అప్పుడు తట్టింది. ఆ పలక ఇదివరకు కాటా మీదే ఉండేది, సున్నా దానితో కలిపే చూసేవాణ్ణి. ఆర్నెల్ల క్రితం భుజం నొప్పి మొదలయ్యాక, పురికొస వేళ్లకు కోసుకోకుండా ఉంటుందని కట్టను ఆ పలక మీద పెట్టుకుని మోసుకురావడం అలవాటు చేసుకున్నాను. కట్టా పలకా కలిపి తూచేసి, పలకను వెనక్కి తీసుకునేవాణ్ణి. పొద్దున్నే కాటా ఖాళీగా సున్నా చూపిస్తే అంతా సరిగ్గా ఉందనుకున్నాను. ఆర్నెల్లుగా కట్టకు పావుకిలో చొప్పున పిల్లల పుస్తకాలను తినేసింది నా సుఖమే.

“ఈ ఆర్నెల్ల లోటూ ఇప్పుడే తూచి ఇస్తాను మేడమ్,” అన్నాను. “కావాలని చేసింది కాదు. అయినా నా చేత్తోనే జరిగింది.”

మేడమ్ మేనకోడలి వైపు తిరిగింది. “ఇది మీ మామయ్య దుకాణం. నీ పుస్తకాన్ని నేను ఇంకా వద్దని రాసుకోలేదు. చెప్పకుండా ఉండొచ్చుగా?”

“ఉండొచ్చండీ. కానీ తగ్గింది కదా.”

“నీ కథలో ఆవిడ కూడా ఇలాగే చేస్తుందా?”

“చివరి కథలో సొంత అన్నయ్య పార్సిలే పట్టిస్తుంది. మీరు అక్కడిదాకా రాలేదు.”

మేడమ్ పుస్తకం కోసం చెయ్యి చాపింది. ఈసారి స్టూలు లాక్కుని కూర్చుని చదివింది. ఆ పేజీల్లో అన్నయ్య రెండు రోజులు చెల్లెలితో మాట్లాడడు. మూడో రోజు తనే వచ్చి ఆమె కౌంటరు ముందు వరసలో నిలబడతాడు. చదువుతున్నంతసేపూ నేను లోటు పుస్తకాలు తూస్తూనే ఉన్నాను, ఈసారి పలక లేకుండా, వేళ్లు కోసుకుంటూ.

“ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు,” అన్నాను, పురికొస ముడేస్తూ. “మా ఇంట్లో ఆ సామెత చెల్లలేదు మేడమ్.”

మేడమ్ తలెత్తింది. “ఈశ్వరుడికి చేతకానిది చేసిందంటే, శక్తి లేదని నేను ఏ ముఖం పెట్టుకుని రాయను షావుకారు గారూ?”

లేచి ఎడమ అర దగ్గరికి వెళ్లింది. స్కేలుతో పుస్తకాలను ఇటూ అటూ జరిపి, వేలెడు సందు చేసి, ‘చేతివాటం’ను అందులో నిలబెట్టింది.

“ముందు ఇరవై స్కూళ్లకే. పిల్లలు లాక్కుని చదివితే మిగతా నలభై. ఇంకో మాట, పేరు కింద దాని అర్థం చెప్పే ఒక వాక్యం రాయించు. లేకపోతే అట్ట చూసి హెడ్మాస్టర్లు బీరువాకి తాళం వేస్తారు.”

“రాస్తానండీ,” అంది మేనకోడలు.

లోటు కట్టలన్నీ బండిలోకి ఎక్కాయి. చివరిది ఎత్తబోతూ మేడమ్ దాన్ని మేనకోడలి చేతుల్లో పెట్టింది. “ఇప్పుడు?”

మేనకోడలు ఊపి చూసింది. “పది. కాదు, పిసరు ఎక్కువే. ఏం కలిపావు మామయ్యా?”

“భుజం నొప్పికి జరిమానా,” అన్నాను.

బండి కదిలాక మేనకోడలు దుకాణం మెట్ల మీద కూర్చుని ఆఫీసుకు ఫోన్ చేసింది. నేను పలకను పాత పురికొసతో కాటాకు గట్టిగా కట్టేస్తున్నాను. ఆమె మాట లోపలికి వినిపించింది. “లేదండీ, సాయంత్రాలు కుదరదు. నాకు పనుంది.”