గేర్‌బాక్సు నేర్చుకున్న కాలు

అయినా తమ్ముడి కారులో ఈ ముందు సీట్లో, పక్కన, నేనెప్పుడు కూర్చున్నానని, వాడు నడిపినన్నాళ్లూ వెనక సీట్లో కళ్లు గట్టిగా మూసుకుని కూర్చునేదాన్ని, వాడు పోయాక ఎనిమిది నెలలుగా నేనే నడుపుతున్నాను, ఇవాళ మెకానిక్ ఒక రౌండు నడిపి చూస్తానంటే ఇటు జరిగాను, సిగ్నల్ దగ్గర అతను బ్రేకు మీంచి కాలు తీసి యాక్సిలరేటర్ ఇలా తొక్కాడో లేదో కారు ఎగిరి దూకింది, అదిగో, మా ఆయన నెల రోజులుగా నస పెడుతున్నది దీని గురించే, నాకు మాత్రం ఆ కుదుపు ఇష్టం, అది మా తమ్ముడి కుదుపు, వాడు ఎక్కగానే గేరు కర్రని ఎస్‌లో పడేసేవాడు, ఎస్ అంటే స్పోర్ట్ అక్కా, ఇంజను గొంతు చించుకుంటేగానీ పై గేరుకి పోదు, నీలాంటివాళ్లకి డి ఉందిలే, మామూలు డ్రైవ్, ఎడ్లబండి నడక, పిల్లలకి కాలం దూరం లెక్కలు చెప్పే టీచరమ్మవి, ఆ రెండూ నీకే తెలియవు అనేవాడు.

ఆ రోజు వాడు ఈ సీట్లోనే కూర్చున్నాడు, ఇక్కడే, గుండె మీద చెయ్యి, చొక్కా అంతా తడి, ఆస్పత్రికి ఎనిమిది కిలోమీటర్లు, ఎస్‌లో పెట్టక్కా అన్నాడు, నేను పెట్టలేదు, కుదుపుకి వాడికేమైనా అవుతుందేమోనని డిలోనే ఉంచి నిండుకుండ మోస్తున్నట్టు నడిపాను, వంతెన ఎక్కుతుంటే ముందు లారీ, దాటెయ్యక్కా అన్నాడు, గొంతులో నవ్వు లేదు, దాటలేదు, ఇరవై రెండు నిమిషాలు, డాక్టరు ఇంకాస్త ముందు తెచ్చుంటే అని ఆపేశాడు, ఆ వాక్యాన్ని రోజూ నేనే పూర్తి చేసుకుంటున్నాను, ఇప్పుడు స్కూలుకీ ఎస్సే, కూరగాయలకీ ఎస్సే, ఎవర్ని బతికించాలని, దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగాయట.

మెకానిక్ బండి పక్కకి తీసి ఆపాడు, లోపమేమీ లేదమ్మా, ఈ గేర్‌బాక్సు నడిపేవాళ్ల కాలుని చూసి నేర్చుకుంటుంది, దీనికి తొందర అలవాటైపోయింది, నేర్చుకున్నది చెరిపేస్తే మెత్తగా పోతుంది, చెరిపేయమంటారా అన్నాడు, వద్దన్నాను, ఎంత గట్టిగా అన్నానంటే అతను ఉలిక్కిపడ్డాడు, అది మా తమ్ముడి కాలండీ, చొక్కాలు కూడా ఎవరికో ఇచ్చేశాం, వాడిది మిగిలింది ఇదొక్కటే, ఉండనివ్వండి అన్నాను, మీ తమ్ముడు పోయి ఎన్నాళ్లయిందమ్మా అన్నాడు, ఎనిమిది నెలలన్నాను, అన్నాళ్లు ఉండదు, కొత్త మనిషి కొన్ని వారాలు నడిపితే పాత కాలుని మర్చిపోతుంది, ఇది మీ కాలేనమ్మా.

నా కాలు, వాడిది కాదు, వాడు దీన్నీ వదిలేసి ఎప్పుడో వెళ్లిపోయాడు, ప్రతి సిగ్నల్ దగ్గరా, ప్రతి లారీ వెనకా, అంత తొందరగా తొక్కింది నేనే, నేను వాణ్ణి ఇంకా ఆస్పత్రికి తీసుకెళ్తూనే ఉన్నాను, వాడు దిగిపోయి ఎనిమిది నెలలైంది.