దండెం మీద స్వరాలు

నేను ఒక గిటారుని, కరెంటు లేకపోతే గొంతు పెగలని రకాన్ని. హార్మోనియం పెట్టెలు చేసుకునే ఒక కలకత్తా వడ్రంగి, పని తక్కువైన రోజుల్లో, ఎవరో తెచ్చిన విదేశీ గిటారు ఫొటో చూసి నన్ను చెక్కాడు. ఫొటోలో వెనకవైపు కనిపించదు కనుక నా వీపు పూర్తిగా ఆయన ఊహ. మిగిలిపోయిన స్కూటరు రంగు పూశాడు. ఆ ఎరుపు చూసి మురిసిపోయి నన్ను కొన్నవాడు విశాఖపట్నంలో ఒక హోటలు బ్యాండులో వాయించేవాడు. బ్యాంకు ఉద్యోగం రాగానే జుట్టు కత్తిరించుకున్నాడు, నన్ను అమ్మేశాడు. రెండు పనులూ ఒకే రోజున చేశాడు.

అలా కరుణాకర్ చేతికి వచ్చాను. నేవీ క్లబ్బుల్లో రాక్ సంగీతం వాయించే కుర్రకారులో అతనిది మంచి చెయ్యి. ఒకసారి విన్నది ఎన్నటికీ మరిచిపోడు. ఆ చెవినే నమ్ముకుని, పెళ్లయిన మూడో నెలలో భార్య గ్లోరీని, నన్ను వెంటబెట్టుకుని మద్రాసు రైలెక్కాడు. సినిమా పాటలకు వాయిస్తానన్నాడు. అతని బావ మాత్రం పోర్టులో గుమాస్తా ఉద్యోగం ఒకటి చూసి ఉంచానని స్టేషన్లో మళ్లీ గుర్తుచేశాడు.

ఆ రోజుల్లో పాట రికార్డింగంటే అరవైమంది ఒకే హాల్లో కూర్చుని ఒకేసారి వాయించడం. ఒక్కరు తప్పితే అరవైమందీ మళ్లీ మొదటినుంచి వాయించాలి. ఎవరి ముందు వాళ్ల స్టాండు, స్టాండు మీద కాగితం, కాగితం మీద అయిదేసి గీతలు, వాటి మీద నల్లచుక్కలు. అందరూ ఆ చుక్కలు చదివి వాయిస్తారు. మావాడికి అవి చీమల బారులాగే కనిపించేవి.

చదవడం రాదని ఎవరికీ చెప్పలేదు. పక్కనున్న పియానో ఆయన్ని, "నా బిట్టు ఒక్కసారి వినిపించండి సార్, ఫీలు పట్టుకుంటాను" అని అడిగేవాడు. విన్నాక కాగితం వైపు దీక్షగా చూస్తూ వాయించేవాడు. పక్కవాళ్లు పేజీ తిప్పితే తనూ తిప్పేవాడు. ఫీలు కోసం ఇంత తపించే కుర్రాణ్ణి చూడలేదని హాలంతా మెచ్చుకుంది. మనుషుల మెప్పు ఎంత సులువుగా దొరుకుతుందో నాకు అక్కడే తెలిసింది.

ఆర్కెస్ట్రాను నడిపించేది జ్ఞానమణి మాస్టారు. నెల్లూరు మనిషి, గొంతు పెంచడం తెలియదు. ఆయన ఒకనాడు రిహార్సలయ్యాక దిద్దడానికని కాగితాలన్నీ వెనక్కి తీసుకున్నారు. తిరిగి పంచడంలో గిటారు కాగితం వేణువు పరాంకుశం గారి స్టాండు మీదకీ, వేణువు కాగితం మా స్టాండు మీదకీ చేరాయి. పరాంకుశం గారు ముప్ఫయ్యేళ్లుగా కాగితంలో ఉన్నది ఉన్నట్టు వాయించే మనిషి. మాస్టారు మార్చారు కాబోలనుకుని గిటారు బిట్టు చక్కగా వేణువు మీద ఊదేశారు. నేనూ అదే బిట్టు మోగాను. పల్లె పిల్లనగ్రోవి, నేనూ జంటగా గర్జించినట్టయింది.

మాస్టారు చెయ్యెత్తి ఆపారు. వచ్చి రెండు స్టాండులూ చూశారు.

"పరాంకుశం గారు కాగితంలో ఉన్నది వాయించినారు. నువ్వు ఎక్కణ్ణుంచి వాయించినావయ్యా?"

కరుణాకర్ చెమటతో నా మెడంతా తడిసిపోయింది. అయినా అబద్ధం ఆడలేదు. చదవడం రాదండీ అన్నాడు. పరాంకుశం గారు, తప్పు తనదేనేమో అన్నంత నొచ్చుకుని, కుర్రాడి చెవి బంగారం అని మధ్యలో ఓ మాట వేశారు. మాస్టారు తల ఊపి, బంగారం సంగతి సరే, అరవైమందిని రెండోసారి వాయించమని తను అడగలేనన్నారు. వచ్చే శనివారం ఇంకో పాట ఉందనీ, అప్పటికి చదవడం వస్తే రమ్మనీ, రాకపోతే విశాఖపట్నం రైలు ఏ వేళకో తనకంటే అతనికే బాగా తెలుసుననీ చెప్పారు.

ఇంట్లో కరుణాకర్ పెట్టె సర్దబోతే గ్లోరీ సర్దనివ్వలేదు. ఆమె భీమిలి చర్చి కొయిర్లో పదేళ్లు ఆ చుక్కల నోట్సు చూసి పాడిన మనిషి.

"ఈ మాట పెళ్లప్పుడే చెప్పుంటే అప్పుడే నేర్పేసుందును కదండీ," అంది. "పోర్టు ఉద్యోగానికి మటుకు నేను రాను. కావాలంటే మీరొక్కరే వెళ్లండి."

కాగితం చూస్తేనే అతని కళ్లు బెదురుతున్నాయని ఆమె గమనించింది. మర్నాడు పొద్దున్నే డాబా మీద రెండు స్తంభాల మధ్య ఒకదాని కింద ఒకటిగా అయిదు తాళ్లు కట్టింది. నల్లమేజోడు తగిలిస్తే ఒక లెక్క. తెల్ల చేతిరుమాలు రెండు లెక్కలు. తువ్వాలు నాలుగు. ఏ తాడు మీద ఉంటే ఆ స్వరం, రెండు తాళ్ల నడుమ వేలాడేలా క్లిప్పు పెడితే నడుమ స్వరం. ఆమె బట్టలు ఆరేయడం, అతను నన్ను ఒళ్లో పెట్టుకుని, కరెంటు లేని నా సన్నటి గొణుగుడుతోనే వాటిని చదవడం. గాలికి మేజోడు కింది తాడుకి జారితే అతను జారిన స్వరమే వాయించేవాడు. అప్పుడు గ్లోరీ నవ్వేది, చదవడం వస్తోందని. ఇద్దరు మనుషుల బట్టలకి అయిదు దండేలెందుకని ఇంటావిడ ఒకటికి రెండుసార్లు అడిగింది. మావారి ఉద్యోగం కోసం అని గ్లోరీ జవాబిచ్చింది. ఆవిడ ఇస్త్రీ ఉద్యోగమేమో అనుకుని తమ చీరలు రెండు పంపింది.

గురువారానికి తాళ్లు వదిలి కాగితానికి వచ్చాడు. శుక్రవారం తప్పులు మూడుకి తగ్గాయి.

శనివారం హాల్లో మా స్టాండు మీద కొత్త కాగితం. ఫీలు కోసం పియానో వైపు చూడలేదు. మొదటి పేజీ చదివాడు, చదివినదే వాయించాడు. రెండో పేజీ తిప్పగానే చెయ్యి ఆగిపోయింది. నిలువుగీతల మధ్య గళ్లుంటాయి, వాళ్లు బార్లంటారు. వరసగా పదహారు బార్లు ఖాళీ. ఒక్క చుక్క లేదు.

అది రిహార్సలే కనుక లేచి నిలబడి అడిగాడు, రాయడం మరిచిపోయారేమో చూడమని.

మాస్టారు నవ్వినట్టే ఉన్నారు. "మరిచిపోలేదు. అక్కడ నీకు తోచింది వాయించు. పోయిన వారమే నీకోసం ఆ చోటు అనుకున్నా. ముందూ వెనకా చదవలేనివాడికి నడుమ ఖాళీ ఎట్ట ఇచ్చేది?"

టేకులో కరుణాకర్ ఆ పదహారు బార్లూ వాయించాడు. నేను అలా ఎప్పుడూ మోగలేదు. చివరి బారు దాటి సరిగ్గా లెక్కకి కాగితంలోకి తిరిగొచ్చాడు. ఒక్క టేకు చాలింది. పరాంకుశం గారు వేణువు ఒళ్లో పెట్టుకుని, తన కాగితంలో లేని పని ఒకటి చేశారు. చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు ఆ హాళ్లలోనే గడిచాయి. క్యాసెట్ల మీద మా పేరు ఎక్కడా ఉండదు. ఆ పాట ఎక్కడ వినిపించినా జనం గాయకుడితో పాటు పాడి, గాయకుడు ఆగినచోట నోటితో నన్ను పాడతారు. అది చాలు నాకు.

ఇప్పుడు నేను నిస్సీ అనే అమ్మాయి దగ్గరున్నాను, కరుణాకర్ శిష్యురాలు. పాత పాటల కచేరీలో ఆ పాట వాయించబోతోంది. ఆ పదహారు బార్లూ రాసిమ్మని గురువుని అడిగింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండు రోజులు కూర్చుని రాశాడు. పక్కన గ్లోరీ తప్పులు పట్టింది, ఇప్పటికీ పడుతుంది. కాగితం అందాక నిస్సీ ఫోను చేసింది.

"అంకుల్, పద్నాలుగే ఉన్నాయి. ఆఖరి రెండు బార్లు రాయలేదు మీరు."

"రాయనమ్మా. అవి నీవి," అన్నాడు.

కచేరీ రేపు సాయంత్రం. ఆ రెండు బార్లలో నేనేం మోగుతానో నాకు తెలియదు. నిస్సీకీ తెలిసినట్టు లేదు. పొద్దుటినుంచి నా తీగలు తుడిచిందే తుడుస్తోంది.