నాలుగో సుడి

మెంతికూర తుంచుతూనే వాసంతి లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. మళ్ళీ మూడే. వంటగట్టు మీద లాప్‌టాప్‌లో, మైక్రోస్కోపు కింద తను తీసిన వీడియోలో, గుండ్రటి నూనెబొట్టును చుట్టుకుని సన్నటి జీవకణాలు ఈదుతున్నాయి. వాటిని ఎవరూ తొయ్యరు. ఒంట్లో ఉన్న బలాన్ని అవే ఖర్చుపెట్టుకుంటూ తిరుగుతుంటాయి, ఈ ఇంట్లో తనలాగే. బంతిలాంటి బొట్టు మీద అవన్నీ ఒకే వరుసలో సర్దుకోవడం ఎన్నటికీ కుదరదు. నెత్తి మీద జుట్టుకు సుడి పడ్డట్టు, ఇక్కడ సగమే తిరిగే సుడులు నాలుగు పడి తీరాలి. నాలుగోది నెలరోజులుగా దొరకలేదు. సోమవారానికి థీసిస్ ఇవ్వకపోతే ఆరేళ్ళ చదువు బూడిదలో పోసిన పన్నీరే.

"ఇంట్ల పనంత అయినంక ఎంతన్న చదువుకో, నేనేమన్న వద్దన్ననా?" అంటాడు భర్త హరిప్రసాద్. దిల్‌సుఖ్‌నగర్‌లో అతనికి చీరల దుకాణం. వద్దనకపోవడమే వరమిచ్చినట్టు! ఇంట్లో పని అయిపోవడమంటూ ఉంటుందా? పొద్దున ల్యాబ్‌కు వెళ్తూ ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కకముందే ఆమెకు సాయంత్రం కూర గుర్తుకొస్తుంది.

"ఏందే, మొకం గట్ల పెట్టినవ్?" అంటూ అత్త కొమురమ్మ వచ్చి కూరకట్ట లాక్కుంది. పోచంపల్లిలో నలభై ఏళ్ళు ఆసు పోసిన చెయ్యి అది. ఒక్కో చీరకు వేలసార్లు కొయ్యల చుట్టూ పోగు తిప్పీ తిప్పీ, ఆ భుజం ఇప్పుడు పైకి లేవదు. కోడలు చెప్పిందంతా విని, పోగులు చూసినట్టే ఆ బొమ్మను చూసింది.

"ఉండ మీద దారం సాఫుగ పడదు బిడ్డా. యాడనో మెలిక పడ్తది. ఎనక జూసినవా?"

"చూసిన అత్తమ్మా. ఆడ సాఫుగనే ఉంది."

"గంత సాఫుగ ఎట్లుంటది? ఎవలో సదిరిన్రు."

వాసంతి గబగబా లాప్‌టాప్ దగ్గరకు లాక్కుంది. సర్దింది తనే. చిన్న వంకరలన్నీ మరకలేననుకుని చెరిపెయ్యమని, వీడియోను శుభ్రంచేసే ప్రోగ్రాంలో రాసింది తనే. ఇల్లు సర్దే అలవాటు పాడుగాను! ఆ ఆదేశం తీసేసి మళ్ళీ నడిపింది. బొట్టు వెనకవైపు నాలుగో సుడి హాయిగా తిరుగుతోంది. సంతోషం పట్టలేక అత్త చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. ఈ ఇంట్లో తన పనిని పనిగా చూసిన మొదటి మనిషి ఆమె.

కళ్ళు తుడుచుకుని థీసిస్‌లో కృతజ్ఞతల పేజీ తెరిచింది. "చదువుకోనిచ్చిన కద, నా పేరే ముందుండాలె" అని హరిప్రసాద్ ఎప్పుడో చెప్పి ఉంచాడు.

"అత్తమ్మా, నీ పూర్తి పేరు చెప్పు. మొదటి వరుసల రాస్త."

"నా పేరెందుకే? నేను పోసిన చీరలకు గూడ మీ మామ పేరే ఉండె."

"అందుకే చెప్పు. ఏ ఇంటిపేరు రాయాలె? మామదా, నీ పుట్టింటిదా?"

కొమురమ్మ చేతిలో మెంతికూర పక్కన పెట్టింది.

"రెండూ మొగోళ్ళయే. ఒట్టి కొమురమ్మ అని రాయి."